ఫోను వ్రాసిన సైకిలు పద్దు: కొలత యెంత, అంచనా యెంత?

సైకిలు తొక్కువారికి తామెంత దూరము పోయినదియు తెలిసికొనవలెనను కోరిక చాల పాతది. 1895 ప్రాంతమున అమెరికాలో కర్టిస్ వీడర్ అను ఇంజనీరు ఇందుకై ఒక చిన్న లెక్కింపు యంత్రమును తయారుచేసెను. చక్రపు పుల్లకు బిగించిన చిన్న మేకు, చక్రము ఒక చుట్టు తిరిగినప్పుడెల్ల ఆ యంత్రములోని పళ్ళచక్రమును ఒక పన్ను ముందునకు నెట్టును. తెలుగునాట పాలవాండ్రును, తపాలా జవానులును వాడిన 28 అంగుళముల చక్రము ఒక చుట్టునకు సుమారు 2.23 మీటర్లు నడచును. అనగా 448 చుట్లు తిరిగినచో ఒక కిలోమీటరు. ఈ పద్ధతిలో రహస్యమేమియు లేదు. దాని లోపమైనను కంటికి కనబడునదే. టైరులో గాలి తగ్గినచో చక్రము కొంచెము కురుచయగును, చుట్లు హెచ్చును, లెక్క నిజదూరముకంటె కొంచెము ఎక్కువ చూపును. వాడువాడు ఆ సంగతి నెరిగి సరిచూచుకొనగలడు.

నేడీ పని జేబులోని స్మార్టుఫోనునకును, మణికట్టు గడియారమునకును వచ్చినది. ఇట్టి పద్దులను వ్రాసి ఉంచు సేవలలో మిక్కిలి పేరొందినది స్ట్రావా. ఇది 2009లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రారంభమైనది. స్వీడిషు భాషలో పాటుపడుట అను అర్థమిచ్చు మాటను దీనికి పేరుగా పెట్టిరి. 2022 నాటికే దీనిలో నమోదైనవారి సంఖ్య 10 కోట్లు దాటినది. ప్రయాణము ముగియగనే ఫోనుపై ఒక పుట తెరచుకొనును. నడచిన దారి పటము, దూరము, కదలికలో ఉన్న కాలము, సగటు వేగము, ఎక్కిన ఎత్తు, కాళ్ళు చూపిన సామర్థ్యము, ఖర్చయిన కెలోరీలు, గడియారము ఉన్నచో గుండె కొట్టుకొనిన రేటు వరుసగా కనబడును.

ఆ పుటయే ఇచ్చట విమర్శకు వచ్చిన వస్తువు. అది చూడ ముచ్చటగా ఉండుననుటలో సందేహము లేదు. కాని శాస్త్రీయమైన పద్దునకు అందము చాలదు. ఊరి షావుకారు కూడ చేతికి వచ్చిన రొక్కమును, రావలసిన బాకీని, వచ్చునని ఆశపడుచున్న లాభమును ఒకే గడిలో వ్రాయడు. ఫోను వ్రాసెడి పద్దులో ఈ మూడును పక్కపక్కనే, ఒకే తీరు అంకెలలో ఉన్నవి. కొలిచినదేదో, కొలిచినదానినుండి లెక్కకట్టినదేదో, ఊహించినదేదో చదువరికి సులభముగా తెలియదు. ఈ అంకెలను నమ్మి కొందరు భోజనమును నిర్ణయించుకొనుచున్నారు, కొందరు గుండెకు శ్రమ ఇచ్చుచున్నారు, కొందరు రోడ్డుమీద పందెములు వేయుచున్నారు, కొన్ని నగరములు బాటలకు స్థలము చూచుచున్నవి. కావున ఒక్కొక్క అంకె పుట్టుకను విచారించుట అవసరము.

దూరము

ఫోను నిజముగా కొలుచునది దూరమును కాదు, కాలమును. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్న జి.పి.ఎస్. ఉపగ్రహములలో అణుగడియారములు ఉన్నవి. ఒక్కొక్క ఉపగ్రహము తాను ఎక్కడ ఉన్నదియు, అప్పటి కాలమెంతయు రేడియో తరంగముల ద్వారా ఎడతెగక చాటుచుండును. సంకేతము వచ్చుటకు పట్టిన కాలమును రేడియో తరంగపు వేగముచే గుణించినచో ఉపగ్రహము ఎంత దూరమున ఉన్నదో తేలును. స్థానమును చెప్పు మూడు సంఖ్యలును, ఫోను గడియారపు తప్పు ఒకటియు కలిసి తెలియని రాశులు నాలుగు గనుక, ఉపగ్రహములు నాలుగైనను కనబడవలెను. రేడియో తరంగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. కాలములో సెకనులో పదిలక్షవ వంతు తప్పు దొరలినచో దూరములో 300 మీటర్ల తప్పు వచ్చును. ఇంతటి సున్నితమైన లెక్కను జేబులోని వస్తువు చేయుట గొప్ప విషయమే.

2000 మే 2వ తేదీ వరకు అమెరికా ప్రభుత్వము పౌరులకు అందు సంకేతములో బుద్ధిపూర్వకముగా కొంత తప్పు కలుపుచుండెను. అది మానిన తరువాత ఆ అడ్డు తొలగినది. నేడు ఆకాశము బాగుగా కనబడుచోట సాధారణ స్మార్టుఫోను తన స్థానమును సుమారు 5 మీటర్ల లోపల చెప్పగలుగుచున్నది. ఎత్తైన భవనముల నడుమ సంకేతము గోడలకు తగిలి చుట్టు తిరిగి వచ్చుటచే తప్పు ఇంకను పెరుగును.

ఫోను సాధారణముగా సెకనుకొక బిందువును గుర్తించి, ఆ బిందువుల నడుమ దూరములను కూడి మొత్తము చెప్పును. ఇచ్చటనే ఒక చిక్కు ఉన్నది. గంటకు 18 కిలోమీటర్ల వేగమున పోవువాడు సెకనుకు 5 మీటర్లు కదలును. అతడు తిన్నగా పోవుచున్నను, రెండవ బిందువు మొదటిదానికంటె 3 మీటర్లు ప్రక్కకు జరిగినట్లు నమోదైనదనుకొందురు గాక. పైథాగొరసు సూత్రము ప్రకారము ఆ అడుగు 5 మీటర్లు కాక 5.83 మీటర్లగును. నూటికి దాదాపు 17 పాళ్ళు హెచ్చు! అదృష్టవశమున ఒక సెకను తప్పును మరుసటి సెకను తప్పును చాలవరకు ఒకే దిక్కున ఉండును గనుక అవి ఒకదానినొకటి రద్దుచేసికొనును. మిగిలినదానిని సాఫ్టువేరు చదును చేయును. ఐనను బిందువుల తప్పులు దూరమును మొత్తముమీద పెంచునని 2016లో ప్రకటితమైన ఒక పరిశోధన గణితరీత్యా నిరూపించినది. మరియొకవైపు, బిందువులు దూరదూరముగా నమోదైనచో మలుపులలో వంపుదారికి బదులు తిన్నని గీత పడి దూరము తగ్గును.

ఈ రెండు తప్పులును ఎదురెదురుగా పనిచేయుటవలన ఫలితము చాలవరకు బాగుగనే వచ్చును. పుటలోని అంకెలన్నింటిలో ఎక్కువ నమ్మదగినది దూరమే. కాని దానిని 32.47 కిలోమీటర్లని చూపుట తగదు. రెండవ దశాంశ స్థానము 10 మీటర్లను చెప్పును. ప్రతి బిందువును 5 మీటర్లు అటునిటు కదలుచుండగా, వేల బిందువుల మొత్తమును 10 మీటర్లకు సరిగా చెప్పినట్లు వ్రాయుట గడియారమునకు లేని ముల్లును చూపుటవంటిది.

సగటు వేగము

దూరమును కాలముచే భాగించినచో సగటు వేగము వచ్చునని పాఠశాల విద్యార్థికి తెలియును. ఏ కాలముచే భాగించవలెనన్నదే ప్రశ్న. స్ట్రావా ఆగిన సమయమును తీసివేసి, కదలికలో ఉన్న కాలముచేతనే భాగించును. ఒక మనిషి 20 కిలోమీటర్లు పోయెననియు, తొక్కిన కాలము ఒక గంట, సిగ్నళ్ళవద్దను టీ దుకాణమువద్దను ఆగిన కాలము 15 నిమిషములనియు అనుకొనవలెను. పుట చూపునది గంటకు 20 కిలోమీటర్లు. ఇంటినుండి ఇంటికి లెక్క కట్టినచో 16 మాత్రమే. మొత్తము గడచిన కాలమును కూడ స్ట్రావా వేరుగా చూపును గనుక దీనిని మోసమనరాదు. కాని సైకిలుపై ఉద్యోగమునకు పోవువానికి కావలసినది రెండవ వేగము. పుట ముందుకు తెచ్చునది మొదటిది. ఏ సంఖ్యను ముందు పెట్టుదురో దానిలోనే ఒక అభిప్రాయము ఇమిడియుండును. ఇచ్చటి అభిప్రాయము సైకిలు ప్రయాణసాధనము కాదు, పందెపు సాధనమనునది.

ఎక్కిన ఎత్తు

ఉపగ్రహములన్నియు తలపైననే ఉండును, కాళ్ళక్రింద ఒక్కటియు కనబడదు. కావున జి.పి.ఎస్. చెప్పు స్థానములో నిలువు తప్పు అడ్డపు తప్పుకంటె ఎక్కువ. దీనికి రెండు ఉపాయములు ఉన్నవి. మొదటిది, పరికరములోని చిన్న వాయుపీడన మాపకము. సుమారు 8.5 మీటర్లు ఎక్కినచో వాయుపీడనము ఒక హెక్టోపాస్కలు తగ్గును. మంచి మాపకము ఒక మెట్టు ఎక్కుటను సైతము పసిగట్టును. కాని పీడనము ఎత్తునుబట్టియే కాక వేళనుబట్టియు మారును. తెలుగు దేశమువంటి ఉష్ణమండల ప్రాంతములలో వాయుపీడనము ప్రతిదినము ఉదయము పది గంటల ప్రాంతమున హెచ్చి, సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున తగ్గును. ఈ తేడా సుమారు 3 హెక్టోపాస్కలులు. అనగా ఉదయము పదింటికి గోడకు ఆనించిన సైకిలు, ఎవరును ముట్టకయే, సాయంకాలము నాలుగింటికి 25 మీటర్లు ఎక్కినట్లు మాపకమునకు తోచును. తుపాను వచ్చుదినమున చెప్పనే అక్కరలేదు.

రెండవ ఉపాయము, ఫోను చెప్పిన స్థానమును ముందే తయారైన ఎత్తుల పటములో వెదకుట. ఇట్టి పటములలో ప్రసిద్ధమైనది 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్ రేడారుతో తీసినది. దాని గడి ఒక్కొక్కటి సుమారు 30 మీటర్లు. హైదరాబాదులో దుర్గం చెరువు మీది తీగల వంతెన 2020లో ప్రారంభమైనది. పాత పటమును మాత్రమే నమ్మిన లెక్క ప్రకారము ఆ వంతెన దాటువాడు చెరువులోనికి దిగి, ఆవలి గట్టు ఎక్కవలెను. క్రొత్త కొలతలతో పటమును దిద్దినకొలది ఇట్టి తప్పులు తగ్గును. కాని పుట చదువువానికి తన అంకె దిద్దిన పటమునుండి వచ్చినదో, దిద్దని పటమునుండి వచ్చినదో తెలిసెడి మార్గము లేదు.

దీనికంటె లోతైన చిక్కు మరొకటి కలదు. సముద్రతీరపు పొడవును ఎంత చిన్న కొలబద్దతో కొలిచిన అంత ఎక్కువ వచ్చునని ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ గమనించెను. ఆయన మరణానంతరము 1961లో ఆ విషయము అచ్చైనది. ఎక్కిన ఎత్తును గూర్చియు అంతే. ఒక రోడ్డు 2 మీటర్ల ఎత్తుగల మిట్టలతో ఏబదిసార్లు లేచి పడినదనుకొన్నచో, ప్రతి మిట్టను లెక్కించు పద్ధతికి ఎక్కిన ఎత్తు 100 మీటర్లు. 3 మీటర్లకు తక్కువైన మిట్టలను గాలితప్పులుగా భావించి వదలు పద్ధతికి అది సున్న. రెండును తప్పు కాదు. ఏ పద్ధతి వాడిరో చెప్పకుండ అంకెను మాత్రమే చెప్పుట తప్పు.

సామర్థ్యము

సెకనుకు చేసిన పనిని సామర్థ్యమందురు. దానిని వాట్లలో కొలుతురు. 1986లో జర్మనీకి చెందిన ఉల్‌రిష్ షోబెరర్ పెడలు ఇరుసువద్ద లోహము ఎంత వంగుచున్నదో గ్రహించి సామర్థ్యమును తిన్నగా కొలుచు పరికరమును తయారుచేసెను. అట్టి పరికరములు ఉన్న సైకిలుపై వచ్చు వాట్లు కొలతలే. ఆ పరికరము లేనివారికి స్ట్రావా వేగము, ఎత్తు, మనిషి బరువు, సైకిలు బరువు తీసికొని సామర్థ్యమును లెక్కకట్టును. ఆ అంకెకు అంచనా అను మాటను చేర్చుట మెచ్చుకొనదగినదే. ఐతే ఆ అంచనాలో తప్పు ఎంత ఉండునో చూడవలెను.

మనిషి, సైకిలు కలిసి 80 కిలోగ్రాములు. చదునైన మంచి రోడ్డు. వేగము గంటకు 25 కిలోమీటర్లు. టైరు ఘర్షణ గుణకము 0.005 అనియు, గాలికి ఎదురగు ఫలిత విస్తీర్ణము 0.4 చదరపు మీటరనియు తీసికొన్నచో, గాలి లేనప్పుడు కావలసిన సామర్థ్యము సుమారు 107 వాట్లు. ఆకులు గలగలలాడునంతటి చిరుగాలి, గంటకు 10 కిలోమీటర్ల వేగమున ఎదురుగా వీచినచో అదే వేగమునకు సుమారు 185 వాట్లు కావలెను. ఆ గాలియే వెనుకనుండి వీచినచో 56 వాట్లు చాలును. గాలి నిరోధము గాలితో పోల్చిన వేగపు వర్గమునుబట్టి పెరుగుటయే దీనికి కారణము. ఈ మూడు ప్రయాణములకును జి.పి.ఎస్. బిందువులు అచ్చముగా ఒక్కటే. జేబులోని ఫోనునకు గాలి సంగతి తెలియదు. మూడింతల తేడాగల శ్రమను అది ఒకే అంకెతో ముగించును. ఎదురుగాలిలో చెమటోడ్చినవాడును, వెనుకగాలిలో హాయిగా సాగినవాడును దాని లెక్కలో సమానులు.

కెలోరీలు, గుండె స్పందన

కెలోరీల లెక్క ఈ సామర్థ్యము మీదనే నిలిచియున్నది. మనుష్యుని కండరములు ఆహారశక్తిలో నూటికి 20 నుండి 25 పాళ్ళు మాత్రమే పనిగా మార్చును. తక్కినది వేడిగా పోవును. 107 వాట్లతో ఒక గంట తొక్కినచో పని 385 కిలోజౌలులు. దక్షత నూటికి 25 అయినచో ఖర్చు 368 కిలోకెలోరీలు, 20 అయినచో 460. గాలివలన వచ్చిన తేడాను కూడ కలిపినచో ఒక పూట భోజనమంత తేడా వచ్చును.

మణికట్టు గడియారము ఈ చిక్కును తీర్చునని చాలమంది భావింతురు. ఆ గడియారము చర్మములోనికి ఆకుపచ్చని వెలుగును పంపును. రక్తము ఆ వెలుగును పీల్చుకొనును గనుక, నాడి కొట్టుకొనినప్పుడెల్ల తిరిగివచ్చు వెలుగు కొంచెము తగ్గును. దానినిబట్టి గుండె స్పందన రేటు తెలియును. హాండిలును గట్టిగా పట్టుకొన్నప్పుడును, గతుకుల రోడ్డుపై చేయి అదిరినప్పుడును ఈ వెలుగు చెదరును. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు 60 మందిపై ఏడు రకముల పరికరములను పరీక్షించిరి. ఆరు పరికరములు గుండె స్పందనను నూటికి 5 పాళ్ళ తప్పులోపల చెప్పెను. కాని ఖర్చయిన శక్తిని చెప్పుటలో మిక్కిలి మంచిదనిపించుకొన్న పరికరము సైతము సగటున నూటికి 27 పాళ్ళు తప్పెను. మిక్కిలి చెడ్డదాని తప్పు నూటికి 93 పాళ్ళు! గుండె స్పందన కొలత, కెలోరీలు ఊహ. రెండును ఒకే తెరపై, ఒకే సైజు అంకెలలో కనబడుచున్నవి. ఆ ఊహను నమ్మి ఆహారమును పెంచుకొనువాడును, తగ్గించుకొనువాడును ఒకే రీతిగా మోసపోవుదురు.

గుండె స్పందన కొలత ఐనను, దానికి అర్థము చెప్పునప్పుడు మరల ఊహయే ప్రవేశించుచున్నది. 220 నుండి వయస్సును తీసివేసినచో గరిష్ఠ స్పందన వచ్చునను సూత్రము 1971నుండి వ్యాపించినది. దానికి తగిన ప్రత్యేక పరిశోధన ఏదియు ఆధారముగా లేదు. ఒక్కొక్క మనిషి విషయములో అది 10, 12 స్పందనలు అటునిటు పోవుట సామాన్యము. 2001లో వచ్చిన మెరుగైన సూత్రము వయస్సును 0.7చే గుణించి 208 నుండి తీసివేయమనును. అరువది ఏండ్లవానికి మొదటి సూత్రము 160 అనగా, రెండవది 166 అనును. అతని గుండె రెంటిలో దేనికిని లోబడకపోవచ్చును. రక్తపుపోటునకు బీటా నిరోధక మందులు వాడువారి గుండె రేటు మందువలన తగ్గియుండును. అట్టివానికి గడియారము, నీవు సులభముగా తొక్కుచున్నావని చెప్పుచుండగా, శరీరము అప్పటికే అలసియుండవచ్చును. గడియారపు రంగులకంటె వైద్యుని మాటయు, మాటలాడుటకు ఊపిరి చాలుచున్నదా అను పాత పరీక్షయు మేలు.

ఒక్క సెకను కొరకు

పద్దు వ్రాయుటతో ఆగినచో ఈ తప్పులు కొంతవరకు నిరపాయములే. కాని స్ట్రావాకు పేరు తెచ్చినది పద్దు కాదు, పందెము. రోడ్డులో ఒక తునకను ఎవరైనను గుర్తించి పేరు పెట్టవచ్చును. ఆ తునకను దాటినవారందరి కాలములను వరుసగా పేర్చి, ప్రథమునకు కొండరాజు అను అర్థముగల బిరుదు ఇచ్చుదురు. పందెగాండ్రు ఒకే దినమున, ఒకే గాలిలో, ఒకేచోట ఉండనక్కరలేదు. ఇది తెలివిగల కల్పనయే. ఒంటరిగా తొక్కువానికి తోడు దొరికినట్లయినది.

ఈ పందెపు గడియారమెంత సరియైనదో చూడవలెను. 400 మీటర్ల తునకను గంటకు 40 కిలోమీటర్ల వేగమున దాటుటకు 36 సెకనులు పట్టును. ఆ వేగమున సెకనుకు 11 మీటర్లు కదలుదురు. మొదటి గీతవద్ద 5 మీటర్ల తప్పు వచ్చినచో కాలములో దాదాపు అరసెకను తప్పు వచ్చును. చివరి గీతవద్ద మరియొక అరసెకను. రెండును ప్రతికూలముగా కలిసినచో ఒక సెకను. బిందువులు సెకనుకొకటి మాత్రమే పడుచుండుట వేరే సంగతి. కావున ఇట్టి చిన్న తునకలో ఒక్క సెకను తేడాతో ప్రథముడు, ద్వితీయుడు అని విడదీయుటకు ఆ పరికరమునకు శక్తి లేదు. ఐనను విడదీయుచున్నది.

ఆ ఒక్క సెకను కొరకు మనుష్యులు సిగ్నళ్ళను లెక్కచేయక, కొండదారులలో బ్రేకులు పట్టక పోవుదురు. 2010లో కాలిఫోర్నియాలో ఒకడు, తన చేజారిన బిరుదును తిరిగి పొందుటకై కొండదారిలో వేగముగా దిగుచు ప్రాణము కోల్పోయెను. 2012లో అతని కుటుంబము స్ట్రావాపై దావా వేసినది. సైకిలు తొక్కుటలోని అపాయము తొక్కువానికి తెలిసినదే అను కారణముతో 2013లో న్యాయస్థానము దానిని కొట్టివేసినది. న్యాయశాస్త్రమున ఆ తీర్పు సరియే కావచ్చును. విజ్ఞానశాస్త్రము అడుగవలసిన ప్రశ్న వేరు. తప్పు ఎంత ఉండునో చెప్పని కొలతను పందెమునకు న్యాయనిర్ణేతగా నిలుపుట సమంజసమా? బంగారము తూచు త్రాసులో వడ్లు తూచవచ్చును గాని, వడ్లు తూచు కాటాలో బంగారము తూచరాదు.

పటముపై వెలుగు

సరియైన కొలత సైతము కీడు చేయవచ్చును. 2017 నవంబరులో స్ట్రావా, దాదాపు 100 కోట్ల వ్యాయామముల జాడలను కలిపి ఒక ప్రపంచపటమును ప్రకటించినది. ఎక్కువమంది తిరిగిన దారులు దానిలో ప్రకాశవంతముగా కనబడును. 2018 జనవరిలో ఆస్ట్రేలియాకు చెందిన ఒక విద్యార్థి, సిరియా, ఆఫ్గనిస్తాను ఎడారులలో చీకటి నడుమ చిన్న చిన్న వెలుగు చట్రములు ఉన్నవని చూపెను. అవి సైనిక స్థావరముల హద్దులు. సైనికులు వ్యాయామమునకై తిరిగిన బాటలు. 2024 అక్టోబరులో ఫ్రెంచి పత్రిక లె మోండ్, దేశాధినేతల అంగరక్షకుల వ్యాయామ పద్దులనుబట్టి ఆ నాయకుల కదలికలను కనుగొనవచ్చునని వెల్లడించినది. ఈ రెండు సందర్భములలోను పరికరము తప్పు చెప్పలేదు. నిజమే చెప్పినది, ఎవరికి చెప్పవలెనో ఎరుగకపోయినది.

సామాన్యునికి ఉన్న అపాయము ఇంతకంటె చిన్నది గాని దగ్గరిది. ప్రతి పద్దును ఇంటివద్దనే మొదలగును, ఇంటివద్దనే ముగియును. ఇల్లు తెలియకుండుటకై, ఇంటి చుట్టును ఒక వృత్తము గీసి దానిలోపలి జాడను దాచు ఏర్పాటు చేసిరి. కాని వేర్వేరు దిక్కులకు పోయిన మూడు ప్రయాణములు ఆ వృత్తపు అంచుపై మూడు బిందువులను వదలును. మూడు బిందువులనుండి వృత్తకేంద్రమును కనుగొనుట ఉన్నత పాఠశాల రేఖాగణితమే! 2018లో ఇల్లినాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ బలహీనతను ఎత్తిచూపిరి. తరువాత కేంద్రమును ఇంటినుండి ప్రక్కకు జరుపు పద్ధతులు వచ్చెను. దాచుట తొక్కువాని బాధ్యతగా కాక, చూపుటకు అతని అనుమతి కావలసినట్లుగా మొదటినుండియు ఏర్పరచియున్నచో ఈ మరమ్మతుల అవసరము తగ్గియుండెడిది.

లెక్కకు రాని సైకిళ్ళు

అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రపు రవాణాశాఖ, ఏ రోడ్లపై సైకిలు తొక్కుచున్నారో తెలిసికొనుటకై స్ట్రావా జాడలను కొనెను. 2020లో ఆ సమాచారము నగర నిర్మాతలకు ఉచితమైనది. మనుష్యులను నిలిపి లెక్కించుటకంటె ఇది చౌక, సులభము. కాని దీనిలో కనబడువారు పద్దు వ్రాసికొనువారు మాత్రమే. 2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశములో నూటికి 44.8 ఇండ్లలో సైకిలు ఉన్నది. వేకువనే పాలు, వార్తాపత్రికలు వేయువారు, కూరగాయలు తెచ్చువారు, అడ్డామీదకు పనికై పోవు తాపీపనివారు తమ సవారీని ఎచ్చటను నమోదు చేయరు. హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023 అక్టోబరులో సౌరఫలకముల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైనది. అట్టి బాటపై వ్యాయామమునకు వచ్చినవారి జాడలు పటముపై వెలుగగలవు. లారీల ప్రక్కన బిక్కుబిక్కుమనుచు పోవు కూలివాని జాడ వెలుగదు. బాట ఎవరికి ఎక్కువ అవసరమో ఆ మనిషియే పటములో లేడు. నమోదు కాని ప్రయాణము జరుగనే లేదని సైకిలు సంఘములలో వేడుకకు అనుకొందురు. నగరపాలకులు దానిని నిజమని నమ్మినచో వేడుక కాదు.

తీర్పు

ఇన్ని లోపములు చెప్పినంతమాత్రమున ఈ పద్దు పనికిరాదని కాదు. ఒకే మనిషి, ఒకే పరికరముతో, ఒకే దారిలో, నెలల తరబడి వ్రాసికొన్న పద్దు విలువైనది. స్థిరముగా ఉండు తప్పు పోలికలో చాలవరకు కొట్టుకుపోవును. గత సంవత్సరముకంటె ఈ సంవత్సరము ఎక్కువ తొక్కితినా, అదే మిట్టను తక్కువ గుండె స్పందనతో ఎక్కుచున్నానా అను ప్రశ్నలకు ఈ పుట మంచి సమాధానము ఇచ్చును. వ్యాయామమును మరువకుండ చేయుటకు తోటివారి ప్రోత్సాహము ఎంతటి బలమో తెలియనిదికాదు. ఆ మేలును తక్కువ చేయరాదు.

కాని శాస్త్రీయమైన కొలతకు మూడు మర్యాదలు ఉన్నవి. ఏ విధముగా కొలిచితిమో చెప్పవలెను; తప్పు ఎంతవరకు ఉండునో చెప్పవలెను; తెలిసినంతకంటె ఎక్కువ అంకెలు వ్రాయరాదు. కళాశాల ప్రయోగశాలలో మొదటి సంవత్సరపు విద్యార్థి ఈ మూడింటిని పాటించనిచో మార్కులు తగ్గింతురు. కోట్లమంది నమ్ముచున్న పుటకు ఆ నియమము ఎందుకు ఉండరాదు? కెలోరీలను 384 అనక, 300 నుండి 500 వరకు అని చూపినచో ఎవరికిని నష్టము లేదు. పరికరపు తప్పుకంటె చిన్న తేడాగల ఇద్దరిని సమానులుగా ప్రకటించినచో పందెపు రుచియు పోదు, కొండదారిలో ఒక బ్రేకు పడును. ఈ మార్పులకు క్రొత్త ఉపగ్రహములు అక్కరలేదు, చిత్తశుద్ధి చాలును.

అంతవరకు చదువరి చేయదగిన పరీక్షలు రెండు ఉన్నవి. ఫోనును ఆరుబయట ఒక బల్లపై ఉంచి, ఆగినప్పుడు లెక్క తనంతట నిలుచు ఏర్పాటును తీసివేసి, ఒక గంటసేపు పద్దు వ్రాయనీయవలెను. కదలని ఫోను ఎన్ని మీటర్లు నడచెనో, ఎంత ఎత్తు ఎక్కెనో తెలియును. తరువాత సైకిలు చక్రముపై సుద్దతో ఒక గీత గీసి, మనిషి కూర్చొనియుండగా పది చుట్లు నడిపించి, ఆ దూరమును టేపుతో కొలిచి పదిచే భాగించవలెను. దానితో చక్రపు నిజమైన చుట్టుకొలత వచ్చును. తిన్నని రోడ్డుపై ఒకసారి, మలుపుల సందులలో ఒకసారి నూరేసి చుట్లు లెక్కించి ఫోను చెప్పిన దూరముతో పోల్చినచో, ఎచ్చట దానిని నమ్మవచ్చునో, ఎచ్చట నమ్మరాదో ఎవరికి వారికే తేలును. విద్యార్థులు నలుగురు వేర్వేరు ఫోనులతో ఒకే దారిలో ఈ పని చేసి, వచ్చిన నాలుగు జవాబులను పట్టికగా వ్రాసికొన్నచో, తప్పుల పరిమితిని గూర్చిన పాఠము పుస్తకములో చదివినదానికంటె బాగుగా తలకెక్కును.